ఐసు పెట్టెలో వచ్చిన సొర గుండెలు

నా ఉద్యోగం ఏమిటని అడిగితే మా వీధిలో సగం మంది "కాలేజీ టీచరమ్మ" అంటారు, మిగతా సగం మంది "చేపలు కోసే ఆమె" అంటారు. రెండోదే నిజానికి దగ్గర. మద్రాసు చూలైలో పుట్టి, చూలైలోనే పెరిగి, ఈ నగరంలోనే ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం అందరూ చేసేవే. నా అసలు పని వేరు. కణజాలాన్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు అద్ది, గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద చూడడం. అందులో ఎక్కువ కాలం చూసింది సొరచేప గుండెల్ని. పెద్ద సొరలవి కొన్ని, ఇంకా పుట్టని పిల్లలవి చాలా.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. మేడమ్, మీ అనుభవంతో నాలుగు మాటలు చెప్పండి అంటారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఫైలు ఏ టేబుల్ మీద ఆగుతుందో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, వాళ్లనడగండి అంటాను. నేను చెప్పగలిగింది ఒకే ఒక్క సంగతి. నేను మామూలుగా దేనికీ బెదిరే మనిషిని కాను. మా అమ్మ నన్ను "రాతి గుండెది" అనేది. ఆ రాతి గుండె ఈ ఒక్క వ్యవహారంలో ఎన్నిసార్లు జారిందో చెప్తే మీరు నవ్వుతారు. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నోట మాట రాదు.

ముందు ఆ గుండె సంగతి

భయపడకండి, పరీక్ష పెట్టను. ఇంత మాత్రం తెలిస్తే చాలు.

మన గుండెలో గదులు పక్కపక్కన ఉంటాయి. సొరచేప గుండెలో ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉంటాయి, రైలు పెట్టెల్లాగా. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం మొదట సిరాసరణి అనే పల్చటి సంచిలోకి వస్తుంది. అక్కణ్ణుంచి కర్ణికలోకి, తర్వాత మందపాటి జఠరికలోకి, చివర ధమనీ శంకువు అనే గొట్టంలోకి, అటు నుంచి మొప్పలకి. ప్రతి గదికీ పక్క గదికీ మధ్య కవాటం ఉంటుంది. రక్తం ముందుకు పోవాలి, వెనక్కి రాకూడదు. కవాటం ఉద్యోగం అంతే.

ఆ కవాటం ఎలా పుడుతుందన్నది నేను బతుకంతా చూసిన విషయం. పిండంలో గుండె మొదట తిన్నటి గొట్టం. అది వంకర తిరుగుతూ గదులుగా విడిపోతుంది. లోపలి పొరకీ బయటి కండకీ మధ్య జిగురు లాంటి పదార్థం ఉంటుంది. కర్ణికకీ జఠరికకీ మధ్య ఆ జిగురు దిండులా ఉబ్బుతుంది, అందులోకి కణాలు చేరతాయి, తర్వాత ఆ దిండే పల్చబడి రెక్కలా మారుతుంది. ధమనీ శంకువులోని జేబుల్లాంటి కవాటాలూ దాదాపు ఇలాగే వస్తాయి. కాబట్టి కవాటం అంటే నారతో చేసిన రెక్క, అందులో కండ ఉండదు, రక్తం తోస్తే తెరుచుకుంటుంది, వెనక్కి తంతే మూసుకుంటుంది అని మేం చెప్పేవాళ్లం. సిరాసరణికీ కర్ణికకీ మధ్య ఉండే మొదటి జతకి కూడా అదే పాఠం. ఆ మొదటి జతే ఈ కథంతా నడిపింది.

మా విభాగంలో ఒక ఆచారం ఉండేది. కోత పళ్లెంలో సొర ఎదురుగా పడి ఉన్నా, పిల్లలు బొమ్మ గీసేది దాన్ని చూసి కాదు, సీనియర్ల రికార్డు పుస్తకం చూసి. సీనియర్లు వాళ్ల సీనియర్లది చూసి గీసి ఉంటారు. అన్నిటికీ మూలం మా హెచ్.ఓ.డి. రాఘవరావు గారు నల్లబల్ల మీద వేసే బొమ్మ. ఆయనది గుంటూరు వైపు. చిన్న వయసులోనే మద్రాసు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఎర్ర, నీలం చాక్‌పీసులతో ఆయన సొర గుండె వేస్తుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గర నిలబడి చూసేవాళ్లు. అంత అందంగా ఉండేది. పళ్లెంలోని గుండె ఆ బొమ్మలా లేకపోతే, తప్పు గుండెదే అనుకునేవాళ్లం.

ఆయన చెడ్డ మనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్తున్నాను, లేకపోతే తర్వాత మీరు అపార్థం చేసుకుంటారు. పిల్లలకి ఫీజు కట్టలేని రోజు వస్తే తన జేబులోంచి కట్టిన మనిషి. కానీ ఒకసారి ఒక మాట అన్నాక దాని మీద నుంచి దిగడం ఆయనకి చేతకాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

కస్తూరి

ఆ రోజుల్లో మా దగ్గర కస్తూరి అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. వ్యాసర్‌పాడి పిల్ల. వాళ్ల నాన్న చెంగయ్య రైల్వే యార్డులో కూలీగా చేరి, అక్కడే పర్మనెంటయిన మనిషి. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. వాళ్లింట్లో డిగ్రీ దాటి చదివింది కస్తూరి ఒక్కతే. చెంగయ్యకి పీహెచ్‌డీ అంటే ఏమిటో తెలియదు గానీ, అది పూర్తయితే పేరు ముందు డాక్టర్ అని వస్తుందని తెలుసు. ఇంటి తలుపు మీద పేరు రాయించడానికి చోటు వదిలి రంగు వేయించాడని కస్తూరే ఒకసారి సిగ్గుపడుతూ చెప్పింది.

ఆ అమ్మాయికి గైడు రాఘవరావు గారు. కోతల పని నేర్చుకున్నది నా దగ్గర. విషయం ఆయన ఎంచిందే. నగరానికి ఉత్తరాన మనలి ఫ్యాక్టరీల నీళ్లు కలిసే సముద్రంలో సొరలకి పుట్టే పిల్లల గుండె కవాటాల్లో ఏమైనా లోపం వస్తోందా అని. మంచి ప్రశ్నే. మనలి పక్క నుంచి బస్సులో వెళ్లినవాళ్లెవరైనా ఆ ప్రశ్న వేస్తారు.

దానికి పాల్‌సొరని ఎంచుకున్నారు. అది గుడ్లు పెట్టదు, కడుపులోనే పిల్లల్ని మోసి కంటుంది. కాశీమేడు హార్బర్‌లో పెద్ద బోట్లు దిగగానే నిండు చూలు సొరని కొని, ఐసు పెట్టెలో పెట్టి, ఆటోలో కాలేజీకి తెచ్చి, కడుపు కోసి పిల్లల్ని తీసేవాళ్లు. ఇది ఉత్తరపు సముద్రం లెక్క. పోలిక కోసం శుభ్రమైన సముద్రం కావాలి కదా. దానికి దక్షిణాన ఎక్కడో ఒక చిన్న పల్లె. అక్కడ చిన్న పడవలు తెల్లవారక ముందే పోయి పొద్దెక్కేలోపు ఒడ్డుకి వచ్చేస్తాయి. సొర ఇంకా కొట్టుకుంటూ ఉండగానే ఇసక మీదే కోసి, పిల్లల్ని అక్కడికక్కడే ఫార్మలిన్ సీసాలో వేసి తెచ్చేవాళ్లు. కాలేజీ అంత దూరం మరి, కుళ్లిపోతుందని భయం.

మీలో తెలివైనవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. మాకు మాత్రం అర్థం కాలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ అర్థం కాలేదు.

మొదటి స్లైడులు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. దక్షిణాది పిల్లల గుండెలో ఆ మొదటి జత రెక్కలు ఒకదానికొకటి ఆనుకుని చక్కగా మూసి ఉన్నాయి. కాశీమేడు పిల్లల్లో రెండు రెక్కలూ చెరో గోడకి అతుక్కుని, మధ్యలో ఇంత దారి. ఒకటి కాదు, రెండు కాదు, దాదాపు అన్నీ అలాగే.  ఇంకా లోకం మొహం చూడని పిల్లలు, వాటి గుండె తలుపు అప్పుడే ఊడిపోయి ఉంది. మనం సముద్రాన్ని ఏం చేశామా అని ఆ సాయంత్రం ఇంటికి పోయాక కూడా అన్నం సయించలేదు.

కస్తూరి ఇంకో సంగతి కూడా చూపించింది. మేం వాడే అద్దకంలో కండ ఎర్రగా, నార నీలంగా కనిపిస్తుంది. ఆ మొదటి జత రెక్కల్లో నీలం పక్కన చక్కటి ఎర్ర చార ఉంది.

"ఈడ చూడండి మేడమ్. కండ మాదిరి ఉండాది. గోడే మడత పడి వచ్చినట్టు ఉండాది, దిండు యాడా కనపడలే," అంది.

నిజమే, గోడ నుంచి కండ అలాగే రెక్కలోకి సాగి వచ్చినట్టుంది. ఇద్దరం కలిసి రాఘవరావు గారికి చూపించాం. ఆయన ఒక్క చూపు చూసి, రంగు ఎక్కువసేపు ఉంచారు, కవాటంలో కండ ఏమిటమ్మా అని నవ్వి, తెరుచుకుని ఉన్న ఆ దారి మీదికి వెళ్లిపోయారు. ఆయనకి అదే కావలసింది. ఆ సంవత్సరమే ఒక సభలో ఆ ఫోటోలు చూపించి మాట్లాడారు. పేపర్లో వచ్చింది, కాశీమేడు సొరల గుండెల్లో లోపం అని.

ఆ వార్త మా వీధిలోకి వచ్చిన తీరు చూసి నేను నివ్వెరపోయాను. మా దగ్గర బాలింతకి పాల్‌సొర పుట్టు, అంటే ఉడికించి పొడి చేసిన వేపుడు, పెడతారు, పాలు పడతాయని. తమిళులూ పెడతారు, మేమూ పెడతాం. పక్కింటావిడ కూతురు అప్పుడే ప్రసవించి ఇంటికొచ్చింది. ఆవిడ ఆ పుట్టు గిన్నె పట్టుకుని వచ్చి, తన మనవడికి గుండెలో ఏమైనా వస్తుందా అని నన్ను అడిగింది. నిన్నటిదాకా పెట్టేశానే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎంత చెప్పినా ఆవిడ ముఖంలో భయం పోలేదు. మార్కెట్లో చేపలమ్మే ఆమె సొరని గంప అడుగున దాచి, పైన వేరే చేపలు పరుచుకుని కూర్చుంది. మైక్రోస్కోపు కింద గోరంత లేని ఒక ముక్క ఇంత దూరం నడిచి వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

ఒకే తల్లి పిల్లలు

కస్తూరి థీసిస్ రాసి ఇచ్చేసింది. నాలుగో అధ్యాయం మొత్తం ఆ ఊడిపోయిన తలుపు మీదే. పరీక్షకుల రిపోర్టులు రావడానికి నెలలు పడుతుంది. ఊరికే కూర్చోవడం ఎందుకని, ఇంకో వ్యాసానికి పనికొస్తాయని ఆ అమ్మాయి మళ్లీ దక్షిణాది పల్లెకి వెళ్లింది. ఆ రోజు ఒక సొర కడుపులో ఎప్పుడూ లేనన్ని పిల్లలు దొరికాయి. తీసుకెళ్లిన ఫార్మలిన్ సగం పిల్లలకే సరిపోయింది. మిగతా సగాన్ని ఏం చేయాలో తోచక, ఆ ఒడ్డునే కాస్త ఐసు కొని, అందులో పెట్టి బస్సులో తెచ్చింది. పారేయడానికి మనసొప్పలేదట. కాలేజీకి వచ్చాక వాటినీ ఫార్మలిన్‌లో వేసి, అన్నిటినీ కోసింది.

తర్వాతి వారం నేను గదిలోకి వెళ్లేసరికి మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి కుర్చీ నాకిచ్చింది. నేను చూశాను. రెక్కలు చెరో గోడకి, మధ్యలో దారి. కాశీమేడు స్లైడే, ఇందులో కొత్తేముంది అన్నాను.

"ఇది కాశీమేడుది కాదు మేడమ్. ఆ పల్లెది. ఐసులో తెచ్చింది." ఇంకో స్లైడు పెట్టింది. రెక్కలు చక్కగా మూసుకుని ఉన్నాయి. "ఇదీ ఆ పల్లెదే. ఒడ్డు మీద సీసాలో వేసింది. రెండూ ఒకే తల్లి కడుపువి."

రెండు స్లైడుల మీదా అంటించిన చీటీలు తీసి చదివాను. 

ఒకే తల్లి, ఒకే కడుపు, ఒకే సముద్రం. తేడా ఒక్క ఐసే. మనలి నీళ్లు కాదు, ఏ ఫ్యాక్టరీ కాదు. బతికుండగా ఫార్మలిన్‌లో పడిన గుండె బిగుసుకుని మూసుకుంది. ఐసులో నెమ్మదిగా చచ్చిన గుండె సడలిపోయి తెరుచుకుని ఉండిపోయింది. సడలేది ఎందుకంటే ఆ రెక్కలో కండ ఉంది కాబట్టి. కస్తూరి మొదట చూపించిన ఎర్ర చార! అది జిగురు దిండు నుంచి పుట్టిన నార రెక్క కాదు. సిరాసరణికీ కర్ణికకీ మధ్య గోడే మడత పడి, కండతో సహా లోపలికి వచ్చి కవాటమైంది. దాన్ని రంగు ఎక్కువైందని తోసేశాం. తర్వాత వెతికితే ఆ సంగతి ఎక్కడో చూసినవాళ్లు ముందే రాసి ఉన్నారనీ, మా రికార్డు పుస్తకాల దాకా రాలేదంతేననీ తెలిసింది.

ఇంకా ఘోరం వినండి. కాశీమేడు పెద్ద బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉండి, ఎక్కడెక్కడో తిరిగి వస్తాయి. అవి తెచ్చిన సొర మనలి నీళ్లలో పెరిగిందని మాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. హార్బర్ ఉత్తరాన ఉంది కాబట్టి చేప కూడా ఉత్తరానిదే అనుకున్నాం. పడవ చిన్నదా పెద్దదా, ఐసు ఉందా లేదా, ఇవి చేపల బజారులో ప్రతివాళ్లూ మొదట అడిగే ప్రశ్నలు. కొనడానికి వెళ్తే నేనూ అడుగుతాను. కాలేజీ గేటు దాటగానే ఆ ప్రశ్నలు మాకెవరికీ గుర్తుకు రాలేదు. మనలి నీళ్లు మంచివని నేననడం లేదు, సరిగా వెతికితే ఏం దొరుకుతుందో. మేం వెతికింది మాత్రం ఐసు చేసిన పనిని.

కస్తూరి అంతటితో ఆగలేదు. చచ్చిన గుండెల్ని చూసి మోసపోయాం, బతికున్న దాన్ని చూడాలి అంది. పాల్‌సొర పిల్లల్ని బతికుండగా చూడడం కుదరదు. గుడ్లు పెట్టే చిన్న సొర ఒకటుంది, బ్యాంబూ సొర. వలలకి చిక్కుకుని దాని గుడ్లు వస్తుంటాయి, తోలు సంచుల్లాగా ఉంటాయి. వాటిని తెచ్చి మా ల్యాబు వెనక గదిలో ఉప్పునీళ్ల ట్యాంకులో పెట్టింది. పెంకుకి చిన్న కిటికీ కోసి పల్చటి ప్లాస్టిక్ అంటించింది. లోపల దారప్పోగంత పిల్ల, గాజులా ఉంది, దాని గుండె బయటికే కనిపిస్తోంది.

పైన మైక్రోస్కోపు బిగించి నన్ను పిలిచింది. నేను వంగి చూశాను.

ఆ క్షణం సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. నా సర్వీసంతా సొర గుండెని కోశాను. ఎన్ని కోశానో నాకే తెలియదు. అది కొట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు! సిరాసరణి నిండుతోంది, రెండు రెక్కలూ విచ్చుకుంటున్నాయి, కర్ణిక ఉబ్బుతోంది. తర్వాత రక్తం వెనక్కి తన్నేదాకా ఆగకుండా, ఆ రెక్కలు తమంతట తామే పెదవులు బిగించినట్టు దగ్గరికి వస్తున్నాయి. మళ్లీ విచ్చుకుంటున్నాయి. ఇంత ప్రాణమున్న దాన్ని నేను పిల్లలకి తలుపు మడతబందులా వర్ణించి చెప్పాను. నోరు తెరుచుకుని అలాగే వంగి ఉండిపోయాను. నడుం పట్టేసిందని కూడా తర్వాతే తెలిసింది.

ఈలోగా పరీక్షకుల రిపోర్టులు వచ్చేశాయి. అన్నీ మెచ్చుకోళ్లే. వైవాకి తేదీ పడింది. కస్తూరి రాఘవరావు గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది. ట్యాంకు గదికి వచ్చి ఒక్కసారి చూడమని బతిమాలింది. ఆయన థీసిస్ మూసి పక్కన పెట్టారట. తర్వాత, "అమ్మా కస్తూరీ, ముందు డిగ్రీ చేతికి రానీ. తప్పొప్పులు తర్వాత ఇంకో పేపర్లో సరిచేసుకుందువుగాని," అన్నారట. ట్యాంకు గదికి మాత్రం రాలేదు.

నా దగ్గరికి వచ్చి, మీరేమంటారు మేడమ్ అని అడిగింది. నిజం చెప్పెయ్యమందామంటే వాళ్ల నాన్న తలుపు మీద వదిలిన చోటు కళ్లముందు కనిపిస్తోంది. ఊరుకోమంటే పక్కింటావిడ గిన్నె కనిపిస్తోంది. నువ్వు ఏం చేసినా నేను మొదటి వరసలో కూర్చుని ఉంటాను అని మాత్రం అన్నాను. అంతకంటే తెలివైన మాట ఇవాళ్టికీ నాకు దొరకలేదు.

వైవా

మా దగ్గర పీహెచ్‌డీ వైవా అంటే చిన్న పెళ్లి. ఎవరైనా రావచ్చు. స్కాలర్ ఇంటివాళ్లు చివరి వరసలో కొత్త బట్టలు కట్టుకుని కూర్చుంటారు. వెనక టేబుల్ మీద వడలు, కాఫీ, మైసూర్‌పాకు సిద్ధంగా ఉంటాయి. పరీక్షకుడు నాలుగు ప్రశ్నలు వేసి, లేచి నిలబడి, ఇకనుంచి ఈమె డాక్టర్ అని ప్రకటిస్తాడు, చప్పట్లు, శాలువా, ఫోటో. ప్రశ్నలకి జవాబు రాక వైవా ఆగిన సందర్భం నేనైతే చూడలేదు. చెంగయ్య, ఆయన భార్య, ఇద్దరు బంధువులు వచ్చారు. శాలువా చెంగయ్య ఒళ్లో ఉంది. మాటిమాటికీ దాని మడత సరిచేస్తున్నాడు.

వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి. థీసిస్‌లో అన్నిటికంటే గొప్పది నాలుగో అధ్యాయమని, అక్కణ్ణుంచే మొదలుపెట్టమని ఇంగ్లీషులో అన్నాడు.

కస్తూరి తెర మీద రెండు ఫోటోలు పెట్టింది. ఒకే తల్లి పిల్లలు. మాట తడబడలేదు. ఈ అధ్యాయం తప్పు, నేను లోపం అని చూపించింది ఐసు వల్ల వచ్చిన మార్పు, దీన్ని ఒప్పుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను అని ఇంగ్లీషులో ఒక్కో మాటే చెప్పింది.   తన పరీక్షలో తానే తనని ఫెయిల్ చేసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. పరీక్షకుడైతే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయి కేసి, రాఘవరావు గారి కేసి మార్చి మార్చి చూశాడు. మరి ఇంక మిగిలిందేమిటి అని అడిగాడు.

కస్తూరి వీడియో నడిపింది. తెర నిండా ఆ గుండె. రెక్కలు విచ్చుకోవడం, బిగుసుకోవడం. ఇది మిగిలింది అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  ఇంగ్లీషు అర్థం కాని చెంగయ్యకి, ఏదో తేడా జరిగిందని మాత్రం అర్థమైంది. శాలువా పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"సార్, పాప ఏం తప్పు చేసింది సార్?"

ఆ ప్రశ్న ఆ గదిలో ఎవరిని ఉద్దేశించి వేశాడో తెలియదు. పరీక్షకుడికి తెలుగు రాదు. నేను లేవబోతున్నాను. అంతలో రాఘవరావు గారు లేచారు. ఇంక అయిపోయింది, ఈ అమ్మాయిని అందరిముందూ చీల్చి చెండాడతారు అనుకున్నాను. ఆయన పరీక్షకుడి వైపు చూడలేదు. చివరి వరస దాకా నడిచి వెళ్లి చెంగయ్య ఎదురుగా నిలబడ్డారు.

"మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదయ్యా. ఐసులో పెట్టి తెమ్మన్నది నేను. రెక్కలో కండ ఉందని ఆ పిల్ల చూపిస్తే లేదన్నదీ నేనే."

నాకు దిమ్మ తిరిగిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో పెద్దల్ని చూశాను. తప్పు అన్న మాట పక్కన "నేను" అన్న మాట పెట్టిన పెద్దమనిషిని చూడడం అదే మొదలు. అదీ ఈయన నోట! వెనక్కి తిరిగి, అదే సంగతి ఇంగ్లీషులో పరీక్షకుడికి కూడా చెప్పారు. పేపర్లో వచ్చిన వార్త తప్పని తానే రాసి పంపుతానన్నారు. పంపారు కూడా. లోపలి పేజీలో, మందుల ప్రకటన కింద చిన్నగా వేశారు. మార్కెట్లో అది చదివినవాళ్లెవరూ నాకు కనపడలేదు. అందుకే పక్కింటావిడకి నేనే పోయి చెప్పాను.

డిగ్రీ ఆ రోజు రాలేదు. నాలుగో అధ్యాయం తీసేసి, బతికున్న గుండె మీద కొత్త అధ్యాయం రాసి మళ్లీ ఇవ్వాలన్నాడు పరీక్షకుడు. న్యాయమే. కస్తూరి అంతవరకు గట్టిగా నిలబడింది గానీ, తండ్రి దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఏడ్చేసింది.

"ఇంకొక సంవత్సరం పడతాది నాయినా," అంది.

చెంగయ్య శాలువాని మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పోనీలే పాపా. మనం యాడికి పోతాం, ఈడనే గదా ఉండేది," అన్నాడు. సంవత్సరం తర్వాత ఆ అమ్మాయి డాక్టర్ అయింది, ఇప్పుడు వేరే ఊళ్లో పాఠాలు చెప్తోంది. కానీ ఆ వేళ ఆ తల్లీ తండ్రీ కూతురూ అలా నిలబడి ఉండగా ఎవరికీ వడలు తినాలనిపించలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది కటువుగానే ఉంటుంది. మన వృత్తిలో అబద్ధాలకోరులు తక్కువ. చేతికి అందినదాన్ని చూసి, అది చేతికి ఎలా అందిందో అడగనివాళ్లే ఎక్కువ. మీ బల్ల మీదికి వచ్చిన ప్రతి ముక్కా ఏ పడవలో వచ్చిందో, ఎంతసేపటి కిందట చచ్చిందో, ఎవరు ఎందులో పెట్టారో అడగండి. అడిగితే చిన్నబోతామని అనుకోకండి. అలాగే, మీరు రోజూ కోసేదాన్ని ఒక్కసారైనా బతికుండగా చూడండి. చూడకపోతే, ఎంత పేరొచ్చినా మీకు తెలిసింది శవం గురించే.

ట్యాంకు గది

అందరూ వెళ్లిపోయాక నేను ల్యాబులో సామాను సర్దుకుంటున్నాను. వెనక గదిలో ఏదో అలికిడైంది. వెళ్లి చూస్తే రాఘవరావు గారు. వైవా కోసం వేసుకున్న కోటు, టై అలాగే ఉన్నాయి. ట్యాంకు ముందు నిలబడి, ఏ గుడ్డుకి కిటికీ ఉందో తెలియక అన్నిటినీ చూస్తున్నారు. కస్తూరి కూడా నా వెనకే వచ్చింది. ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన మా వైపు తిరగకుండానే, ఇందులో ఏది అని అడిగారు.

కస్తూరి గుడ్డుని గిన్నెలోకి తీసి, మైక్రోస్కోపు కింద సరిచేసి పక్కకి తప్పుకుంది. ఆయన వంగారు. ఆ చేతులు బల్ల అంచు పట్టుకున్న తీరు చూసి నాకు భయమేసింది, పెద్దవయసు మనిషి.  ఎంతకీ ఆయన తల ఎత్తలేదు.

"మూసుకుంటోందమ్మా," అన్నారు చివరికి.

ఆ గొంతు ఆయనదిలా లేదు. మొదటిరోజు క్లాసులో కూర్చున్న కుర్రాడి గొంతులా ఉంది. అని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ వంగారు.